సార్ ల్యాబ్‌లో తూకం

మా డిపార్ట్‌మెంట్‌లో బ్యాటరీ పదార్థాల ల్యాబ్ అనగానే చూడటానికి వచ్చినవాళ్లు గాలి, తేమ చొరబడని గ్లోవ్ బాక్సు ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. లోపల పనిచేసినవాళ్లకు గుర్తుండేది దాని పక్కనున్న ఇరుకు గది. ఫ్యాను లేదు, కిటికీ మూసేశారు, రాతి బల్ల మీద మిల్లీగ్రాములో వందో వంతు చూపించే బ్యాలెన్స్. కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లకు, ల్యాబ్ నడిపిన మా సార్ ముందు అక్కడే పని చెప్పేవారు. అల్యూమినియం రేకు నుంచి 12 మిల్లీమీటర్ల బిళ్లలు కొట్టాలి, ఒక్కొక్కటీ తూచాలి, పుస్తకంలో రాయాలి. ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లకు ఇది అవమానంగా ఉండేది. ఎందుకో తర్వాత తెలిసేది.

సార్ పేరు ఇక్కడ రాయడం లేదు. సంచికలో తన మీద వ్యాసం వద్దని ఆయనే అన్నారు; పని గురించి అయితే రాసుకోమన్నారు. ఈ సంచిక అందుకున్నవాళ్లలో ఆయనెవరో తెలియనివాళ్లు ఎలాగూ ఉండరు.

బ్యాటరీ పదార్థాల మీద వచ్చే ప్రతి పేపర్లోనూ ఒక సంఖ్య ఉంటుంది: గ్రాముకు ఇన్ని మిల్లీ ఆంపియర్ అవర్లు. ఆ భిన్నంలో పైన ఉండేదాన్ని టెస్టింగ్ యంత్రం కొలుస్తుంది, అక్కడ పెద్దగా తప్పు జరగదు. కింద ఉండే గ్రాము మాత్రం విద్యార్థి చేతి పని. 12 మిల్లీమీటర్ల బిళ్ల వైశాల్యం 1.13 చదరపు సెంటీమీటర్లు. రేకు మందం 15 మైక్రాన్లయితే ఒట్టి బిళ్ల బరువు 4.6 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. దానిమీద పూసిన బ్యాటరీ పదార్థం బరువును, మొత్తంలోంచి ఈ ఒట్టి బిళ్ల బరువు తీసేసి తెలుసుకుంటారు. ఆ పూత 5 మిల్లీగ్రాములు అనుకుంటే, అందులో 80 శాతమే అసలు పదార్థం, అంటే 4 మిల్లీగ్రాములు. ఇప్పుడు రేకు మందం ఒకచోట ఒక్క మైక్రాన్ తగ్గిందనుకోండి. బిళ్ల బరువు 0.3 మిల్లీగ్రాములు తగ్గుతుంది, అసలు పదార్థం లెక్కలో 0.24 మిల్లీగ్రాముల తేడా వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే బ్యాటరీ పదార్థం నిజంగా గ్రాముకు 160 ఇస్తుంటే కాగితం మీద అది 170 అవుతుంది. 170 ఆ పదార్థానికి సైద్ధాంతిక గరిష్ఠం. అంటే రేకులో ఒక మైక్రాన్ తేడా మామూలు పదార్థాన్ని ప్రపంచ రికార్డు చేసేస్తుంది.

అందుకే సార్ పద్ధతిలో పూత పూసిన షీటు నుంచే, పూత లేని నాలుగు మూలల్లో ఒట్టి బిళ్లలు కొట్టి సగటు తీయాలి. పోయిన నెల రోల్ నుంచి తీసిన సగటు పనికిరాదు. ఓవెన్ నుంచి తీసిన బిళ్లను వేడిగా తూస్తే పైకి లేచే గాలికి బరువు తక్కువ చూపిస్తుంది. చల్లారనిస్తే, వానాకాలంలో పూత తేమ పీల్చుకుని అంకె కళ్ల ముందే పెరుగుతూ పోతుంది. కాబట్టి తేమ చేరనివ్వని డెసికేటర్ పాత్రలో చల్లార్చి, పళ్లెంలో పెట్టిన వెంటనే చూసి రాసుకోవాలి. ప్లాస్టిక్ పటకారు స్టాటిక్ విద్యుత్తు తెచ్చి తూకం చెడగొడుతుంది కనుక తూకానికి లోహపు పటకారు; అదే సెల్ బిగించేటప్పుడు ప్లాస్టిక్‌ది, లోహపుదైతే తయారైన సెల్‌ను రెండు వైపులా పట్టుకోగానే షార్ట్ అవుతుంది. ఎవరైనా మంచి రిజల్ట్ వచ్చిందని పరుగున వెళ్తే సార్ గ్రాఫ్ వైపు చూసేవారు కాదు.

"బరువెంత పెట్టినవ్?"

"నాలుగు పాయింట్ ఒకటి సార్."

"రేకు బరువు ఆ షీట్‌దేనా, పాతదా?"

సగం రికార్డులు ఆ రెండో ప్రశ్న దగ్గరే పోయేవి.

ఈ పట్టింపు లిథియంతో మొదలైంది కాదు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. రైలు బోగీల కింద ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీలను చిన్నప్పటి నుంచీ చూసినవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఆయన పెట్టిన మొదటి ప్రయోగం కూడా ఇన్వర్టర్ బ్యాటరీదే. నిండా చార్జైన ట్యూబులర్ బ్యాటరీలో యాసిడ్ సాపేక్ష సాంద్రత 1.24 దగ్గర ఉంటుంది, వాడేకొద్దీ 1.15కూ ఇంకా కిందికీ దిగుతుంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు రెండు పలకలూ లెడ్ సల్ఫేట్‌గా మారుతూ యాసిడ్‌ను తినేస్తాయి కాబట్టి, హైడ్రోమీటర్‌తోనే ఎంత చార్జి మిగిలిందో చెప్పొచ్చు. కరెంటు కోతల రోజుల్లో హనుమకొండలో ఇన్వర్టర్ లేని ఇల్లు తక్కువ. బ్యాటరీ ఏడాదికే పోయిందని ఇరుగుపొరుగు వచ్చి అడిగితే సార్ వేసే ప్రశ్నలు రెండే: బోరు నీళ్లు పోశారా, ఖాళీ అయినాక చార్జి పెట్టకుండా వదిలేశారా. బోరు నీళ్లలోని క్లోరైడూ ఇనుమూ వాడకపోయినా చార్జిని కరిగించేస్తాయి. ఖాళీగా వదిలేస్తే సన్నటి లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు పెద్దవై గట్టిపడి, మళ్లీ చార్జి పెట్టినా కరగవు.

అప్పట్లో పరిశోధనకు ఉన్నది వోల్టేజి మారుస్తూ కరెంటు కొలిచే పొటెన్షియోస్టాట్ ఒకటి, దానికి తగిలించిన ఎక్స్-వై రికార్డరు. పెన్ను గ్రాఫ్ కాగితం మీద వోల్టామోగ్రామ్, అంటే వోల్టేజితో కరెంటు మారే గీత, గీసేది. ఆ గీత లోపలి వైశాల్యమే చార్జి. కంప్యూటర్ లేదు కాబట్టి, గీత వెంబడి కాగితాన్ని కత్తెరతో కత్తిరించి తూచేవారు. అదే కాగితం నుంచి 10 సెంటీమీటర్ల చదరం కోసి దాని బరువుతో భాగిస్తే వైశాల్యం వచ్చేది. చదరాన్ని అదే తావు నుంచి కోయాలి, ఎందుకంటే తావు తావుకూ మందం మారుతుంది. అల్యూమినియం రేకు దగ్గర ఆయన పెట్టిన రూలు ఇక్కడిదే. పాత సీనియర్ల థీసిస్‌ల వెనక అట్టలో ఆ కత్తిరింపులు ఇప్పటికీ కవర్లలో ఉన్నాయి. పసుపెక్కాయి గానీ తూస్తే లెక్క సరిపోతుంది.

1991లో సోనీ లిథియం అయాన్ సెల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 1997లో పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్‌ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పేపర్ వచ్చింది. ఇనుమూ ఫాస్ఫేటూ మనకు చవక, కోబాల్ట్ అక్కర్లేదు. సార్‌కు ఆ పదార్థం మీద ఆశ అప్పుడే పుట్టింది. కానీ లిథియం లోహాన్ని తేమ గాలిలో ముట్టుకోలేం, గ్లోవ్ బాక్సుకు డబ్బుల్లేవు. ఆయన తీసుకున్న నిర్ణయం తెలివైనదని ఇప్పటికీ అనిపిస్తుంది: గ్లోవ్ బాక్సు వచ్చేదాకా నీళ్లలో నడిచే రసాయనమే చేద్దాం. అలా సూపర్ కెపాసిటర్ల మీద, అంటే చార్జిని ఎలక్ట్రోడు ఉపరితలం మీదే దాచుకునే సెల్‌ల మీద, పడ్డారు. లీ, గుడెనఫ్ 1999లో మాంగనీస్ డయాక్సైడ్ మామూలు పొటాషియం క్లోరైడ్ నీళ్లలో కెపాసిటర్‌లా పనిచేస్తుందని చూపించడం కలిసొచ్చింది.

మాంగనీస్ డయాక్సైడ్ తయారీకి పెద్దగా ఏమీ అక్కర్లేదు. పొటాషియం పర్మాంగనేట్ 2 మిల్లీమోల్స్ అంటే 0.316 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ 3 మిల్లీమోల్స్ అంటే 0.507 గ్రాములు, విడివిడిగా నీళ్లలో కరిగించి కలిపితే గోధుమ రంగు అవక్షేపం వస్తుంది. ఏమీ పోకుంటే 0.435 గ్రాములు రావాలి. గది ఉష్ణోగ్రతలో చేస్తే స్ఫటికాలు సరిగ్గా ఏర్పడని రకం వస్తుంది. అదే మిశ్రమాన్ని టెఫ్లాన్ గిన్నె ఉన్న ఆటోక్లేవ్‌లో, అంటే మూత బిగించే స్టీలు పాత్రలో, 140, 160 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే స్ఫటికంలో సొరంగాలున్న కడ్డీలు వస్తాయి. 100 మిల్లీలీటర్ల ఆటోక్లేవ్‌లో 70 మిల్లీలీటర్లకు మించి పోయకూడదు. నీళ్లు వేడికి వ్యాకోచించి ఖాళీ మిగలకపోతే పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది, దాన్ని మూత ఆపలేదు. పైన ముట్టుకుంటే చల్లగా ఉంది కదా అని తెరవకూడదు, మందపాటి టెఫ్లాన్ లోపల వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది.

రెండో ఎలక్ట్రోడుకు కార్బన్ కావాలి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చేంత పత్తి పండే జిల్లాలో కార్బన్ కొనుక్కోవడమేంటని, సార్ పత్తి కట్టె తెప్పించారు. ఏరడం అయిపోయాక రైతులు ఎలాగూ చేలల్లోనే తగలబెడతారు. దాన్ని ఎలా మార్చాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పటికీ చాలా కాలేజీల నుంచి ఇదే అడుగుతుంటారు.

కట్టెను సెంటీమీటరు ముక్కలుగా నరికి, కడిగి, 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టాలి. నైట్రోజన్ వాయువులో 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాలి. మిగిలిన బొగ్గును పొడి చేసి, బరువుకు మూడింతలు పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి, నీళ్లు చల్లి ముద్ద చేసి ఆరబెట్టాలి. మళ్లీ నైట్రోజన్‌లో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 750 దాకా పెంచి ఒక గంట ఉంచాలి. ఇక్కడ పొడి పెట్టడానికి పింగాణీ, అల్యూమినా పడవలు (పడవ ఆకారపు చిన్న గిన్నెలు) వాడితే కరిగిన క్షారం వాటిని తినేస్తుంది, నికెల్ పడవే వాడాలి. అసలు ప్రమాదం ఆ తర్వాత. 700 డిగ్రీలు దాటాక, క్షారం నుంచి ఏర్పడిన పొటాషియం కార్బనేటును కార్బన్ క్షయకరణం చేసి పొటాషియం లోహాన్ని విడుదల చేస్తుంది. అది ఆవిరై ఫర్నేసు ట్యూబు చల్లటి చివర వెండి రంగు పొరగా పేరుకుంటుంది. ఫర్నేసు చల్లారింది కదా అని నేరుగా నీళ్లు పోస్తే మంటే. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా వేసి, బుడగలు ఆగేదాకా చూసి, అప్పుడు నీళ్లు, తర్వాత ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆఖరున పీహెచ్ 7 వచ్చేదాకా వేడి నీళ్లు. ఆమ్లంతో కడగకపోతే కట్టెలోని కాల్షియం, పొటాషియం బూడిద రంధ్రాల్లోనే ఉండిపోతుంది. తూకంలో అదీ కార్బన్‌గానే లెక్కకొస్తుంది.

వరి పొట్టు ఇంకా చవక కదా అని అందరూ అడిగేవారు. పొట్టు బరువులో 15 నుంచి 20 శాతం దాకా బూడిద, అందులో దాదాపు అంతా సిలికానే. దాన్ని క్షారంతో కరిగించి తీసేయడానికే రెండు రోజులు పడుతుంది. కట్టెకు ఆ బాధ లేదు.

కొలత దగ్గర సార్ కటువుగా ఉండేవారు. రెండు ఎలక్ట్రోడ్ల సెల్, ఒక్కోదాని మీద 2 మిల్లీగ్రాముల కార్బన్, 4 మిల్లీ ఆంపియర్ల కరెంటు, ఒక వోల్టు నుంచి సున్నాకు రావడానికి 40 సెకన్లు పట్టిందనుకుందాం. సెల్ కెపాసిటెన్స్, అంటే ఒక్కో వోల్టుకు దాచుకునే చార్జి, 0.16 ఫారడ్లు. మొత్తం 4 మిల్లీగ్రాములతో భాగిస్తే గ్రాముకు 40. ఒక్క ఎలక్ట్రోడు విలువ కావాలంటే నాలుగింతలు, 160. రెండూ నిజమే. తప్పు ఎనర్జీ లెక్కలో జరుగుతుంది. సెల్ ఎనర్జీకి 40 వాడాలి, కిలోకు 5.6 వాట్ అవర్లు వస్తుంది. 160 వాడితే 22 వస్తుంది, ప్రచురణకు ముచ్చటగా ఉంటుంది. డబ్బా, రేకు, ద్రావణం బరువు కూడా కలిపితే ఆ 5.6 కూడా రెండు దగ్గరికి దిగుతుంది. థీసిస్‌లో ఎనర్జీ పట్టికకు పైన "రెండు ఎలక్ట్రోడ్ల మొత్తం బరువు మీద" అన్న వాక్యం లేకపోతే ఆయన సంతకం పెట్టేవారు కాదు.

నికెల్ ఫోమ్ విషయంలో ఆయన మొండితనం గురించి ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. నికెల్, కోబాల్ట్ హైడ్రాక్సైడ్లను స్పాంజిలా ఉండే నికెల్ ఫోమ్ మీద పెంచి, క్షారంలో కొలిచి, గ్రాముకు రెండు వేల ఫారడ్లు అని రాసే పేపర్లు ఒక దశలో కుప్పలుగా వచ్చాయి. సార్ అభ్యంతరాలు రెండు. ఒకటి, ఒట్టి ఫోమే క్షారంలో ఉపరితలం మీద హైడ్రాక్సైడ్‌గా మారి చార్జి ఇస్తుంది. పైన పదార్థం ఒక మిల్లీగ్రాము, కింద ఫోమ్ 30, 40 మిల్లీగ్రాములు ఉంటే ఎవరి చార్జి ఎవరి ఖాతాలో పడుతున్నట్టు? రెండు, నికెల్ హైడ్రాక్సైడు బ్యాటరీ పదార్థం. డిశ్చార్జి గీత వాలుగా దిగదు, ఒక వోల్టేజి దగ్గర నిలబడుతుంది. అలాంటప్పుడు ఫారడ్లలో చెప్పడానికి అర్థమే లేదు, మిల్లీ ఆంపియర్ అవర్లలో చెప్పాలి. దాని గరిష్ఠం గ్రాముకు 289. ఒట్టి ఫోమ్‌ను విడిగా కొలిచి బ్లాంకు తీయని ఏ డేటానూ ఆయన బయటికి పోనివ్వలేదు. రసాయనపరంగా పూర్తిగా ఆయనదే సరి. కానీ ఆ రోజుల్లో పేపర్ల సంఖ్య చూసి ఉద్యోగాలిచ్చేవారు, మా సీనియర్లలో ఇద్దరు ముగ్గురు ఆ నిరీక్షణలో పోస్టులు పోగొట్టుకున్నారు. బ్లాంకుతో పాటు ఎలా రాయాలో చూపించి తొందరగా పంపించి ఉండాల్సింది అని వాళ్లలో ఒకరు ఇప్పటికీ అంటారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది.

ప్రాజెక్టు డబ్బులొచ్చి ట్యూబు ఫర్నేసు, గ్లోవ్ బాక్సు కొన్నాక సార్ చివరికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ దగ్గరికి వచ్చారు. ఆయన సర్వీసులో ఎక్కువ కాలం పట్టింది ఇదే. 0.02 మోల్స్‌కు లిథియం కార్బనేట్ 0.739, ఫెర్రస్ ఆక్సలేట్ డైహైడ్రేట్ 3.598, అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 2.301 గ్రాములు, దీనికి పదో వంతు చక్కెర. జిర్కోనియా గుండ్లతో, ఆల్కహాల్‌లో బాల్ మిల్లు చేయాలి. మొదట ఆర్గాన్‌లో 350 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు: నీరు, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ పోతాయి. చల్లార్చి, నూరి, బిళ్లలు నొక్కి, 5 శాతం హైడ్రోజన్ కలిసిన ఆర్గాన్‌లో 700 దగ్గర పది గంటలు. చేతికొచ్చేది 3 గ్రాములకు కాస్త పైన. చక్కెర ఎందుకంటే, ఈ పదార్థంలో ఎలక్ట్రాన్లు అసలు కదలవు, రేణువుల చుట్టూ సన్నటి కార్బన్ పొర ఉంటే తప్ప పనిచేయదు. లిథియం కూడా స్ఫటికంలో ఒకే దిశలో ఉన్న సొరంగాల గుండా నడుస్తుంది. దారిలో ఒక ఇనుము అయాన్ తప్పు స్థానంలో కూర్చుంటే ఆ సొరంగం అంతటితో మూసుకుపోయినట్టే. రేణువు చిన్నదైతే సొరంగమూ పొట్టిదవుతుంది. అందుకే వేడి తగ్గినా పెరిగినా కుదరదు.

ఫర్నేసు చెడగొట్టే మార్గాలు చాలా. అతి సాధారణమైనది గాలి లీకు. 5 సెంటీమీటర్ల వ్యాసం, మీటరు పొడవున్న ట్యూబులో రెండు లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్ల ఆర్గాన్‌తో ఒకసారి ఖాళీ చేయడానికి 20 నిమిషాలు, నమ్మకంగా ఉండాలంటే ఐదుసార్లు, అంటే గంటా 40 నిమిషాలు ఆగాకే వేడి మొదలుపెట్టాలి. తొందరపడితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది. పొడి బూడిద నలుపులో రావాల్సింది ఎర్రటి గోధుమ రంగు తిరుగుతుంది. వేడి 800 దగ్గరికి పోతే ఎదురు సమస్య, కార్బన్ మరీ క్షయకరించి ఐరన్ ఫాస్ఫైడు పుడుతుంది. పొడిలో ఏ స్ఫటికాలున్నాయో చెప్పే ఎక్స్-రే పరీక్షకు పంపే ముందు సార్ పొడి కాగితం కింద అయస్కాంతం కదిపేవారు. పొడి లేచి నిలబడితే అందులో మ్యాగ్నటైటో (ఇనుము ఆక్సైడు), ఇనుమో ఉన్నట్టు. రెండు శాతం మలినాన్ని ఎక్స్-రే చూపించకపోవచ్చు, అయస్కాంతం చూపిస్తుంది.

లీకు ఉందో లేదో సిలిండరే చెబుతుందనేవారు. నిండు సిలిండరులో 7 ఘనమీటర్ల వాయువు. 15 గంటల రన్‌కు 90 లీటర్లు. అంటే ఒక సిలిండరు డెబ్బై రన్‌లకు పైగా రావాలి. ఇరవైకే అయిపోతే హైదరాబాద్‌కు ఫోన్ చేసి కొత్తది తెప్పించడం కాదు, సబ్బు నీళ్లు తీసుకుని ప్రతి జాయింటూ చూడాలి. కరెంటు పోవడం ఇంకో సంగతి. వేడి ట్యూబు ఒక్కసారిగా చల్లారితే లోపలి వాయువు ముడుచుకుని, అటు చివర వాయువు బుడగలుగా బయటికిపోయే బబ్లర్‌లోని ద్రవాన్ని లోపలికి లాక్కుంటుంది. మధ్యలో ఒక ఖాళీ సీసా పెడితే ద్రవం అందులోనే ఆగిపోతుంది. కరెంటు తిరిగొచ్చాక కంట్రోలరు ప్రోగ్రామును మొదటి నుంచి మొదలుపెట్టే రకమైతే, పొడి రెండుసార్లు ఉడికి రేణువులు ఉబ్బుతాయి. ఆ బ్యాచి చూడటానికి బాగుంటుంది, ఎక్స్-రేలో ఇంకా బాగుంటుంది, సెల్‌లో చతికిలపడుతుంది.

కార్బన్ శాతం తేల్చడంలో ఒక వల ఉంది, చాలామంది పడతారు. గాలిలో వేడిచేసి బరువు తగ్గుదల చూస్తే సరిపోతుందనుకుంటారు. కార్బన్ కాలి బరువు తగ్గుతుంది నిజమే, అదే సమయంలో ఇనుము ఆక్సిజన్ పట్టుకుని పదార్థం బరువు 5 శాతం పెరుగుతుంది. దాదాపు 5 శాతం కార్బన్ ఉన్న పొడిలో రెండూ కొట్టేసుకుని గీత చదునుగా వస్తుంది, కార్బనే లేదని రాసేస్తారు. సార్ పద్ధతి నాటుగా ఉండేది: ఒక గ్రాము పొడిని గోరువెచ్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, మిగిలిన నల్లటి మడ్డిని ముందే తూచిన ఫిల్టరు మీద పట్టి, ఆరబెట్టి తూచడం. 50 మిల్లీగ్రాములు మిగిలితే 5 శాతం. అప్పుడు గరిష్ఠం 170 కాదు, 161.5.

పూత పూయడం చేతి నేర్పు. 0.40 గ్రాముల పదార్థం, 0.05 కార్బన్ బ్లాక్, పీవీడీఎఫ్ జిగురు 5 శాతం ద్రావణం ఒక గ్రాము. ముందు పొడులు రెండూ నూరి, తర్వాత ద్రావణం, ఆపై ద్రావకం చుక్కలుగా, దోశ పిండిలా జారే దాకా. జూలై, ఆగస్టుల్లో ఈ పని ఏడిపిస్తుంది. ఎన్ఎంపీ ద్రావకం గాలిలో తేమ లాక్కుంటుంది, నీళ్లు తగలగానే పీవీడీఎఫ్ విడిపోయి పూత సున్నంలా పెళుసై రేకు నుంచి రాలిపోతుంది. ఆ రెండు నెలలు ఏసీ గదిలో తప్ప పూత వేయొద్దని నోటీసు ఉండేది. ఆరబెట్టడంలో తొందరపడి ఒక్కసారే 120కి పెడితే జిగురు ద్రావకంతో పాటు పైకి కొట్టుకొచ్చి అడుగున పట్టు ఉండదు. ముందు 60, 80, ద్రావకం పోయాక 120లో వాక్యూమ్ కింద రాత్రంతా.

బటన్ సెల్ అంటే సీఆర్ 2032: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మందం. పెద్ద గిన్నెలో ఎలక్ట్రోడు పూత పైకి ఉండేలా పెట్టి, ఎలక్ట్రోలైట్ (అయాన్లు నడిచే ద్రవం) చుక్క, రెండు వైపులనూ తగలనివ్వని సెపరేటర్ పొర, మళ్లీ చుక్కలు, లిథియం బిళ్ల, స్టీలు స్పేసర్, స్ప్రింగు, మూత. సెపరేటర్ లిథియం కంటే పెద్దదిగా, లిథియం ఎలక్ట్రోడు కంటే పెద్దదిగా ఉండాలి, బిళ్ల జరిగి అంచు దాటితే ఆ మేరకు పదార్థం పనిలో లేనట్టే. గ్లోవ్ బాక్సులో ఆర్గానే ఎందుకు, చవకైన నైట్రోజన్ ఎందుకు కాదని వైవాలో అడిగేవారు. లిథియం గది ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్‌తో కలిసి నల్లటి నైట్రైడు అవుతుంది. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ నీళ్లు తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఇస్తుంది, అది ఇనుమును కరిగిస్తుంది. ఆక్సిజన్ మీటరు చెడిపోయిన రోజుల్లో గాజు పగలగొట్టిన చిన్న బల్బును పెట్టె లోపల వెలిగించేవారు. ఫిలమెంటు వెలుగుతూనే ఉంటే లోపల శుభ్రంగా ఉన్నట్టు, ఆరిపోతే పని ఆపేయాలి.

బిగించిన సెల్ వోల్టేజి మూడు వోల్టుల పైన ఉండాలి. సున్నా దగ్గర ఉంటే షార్టు. ఎలక్ట్రోలైట్ రంధ్రాల్లోకి ఇంకడానికి రాత్రంతా వదిలేయాలి, లేకపోతే మొదటి సైకిల్ (ఒకసారి చార్జి, డిశ్చార్జి) తక్కువ చూపించి తర్వాత పెరుగుతూ పోతుంది. దానికి యాక్టివేషన్ అని పేరు పెట్టి పేరా రాసినవాళ్లున్నారు. ఒక బ్యాచికి ఒక సెల్ ఒప్పుకునేవారు కాదు, మూడు ఉండాలి, మూడింటి అంకెలూ రాయాలి, మంచిది ఒక్కటే ఏరుకోకూడదు. లిథియం బిళ్ల ఎదురుగా ఉన్నంతకాలం నష్టం కనపడదని కూడా హెచ్చరించేవారు, ఎందుకంటే అందులో అవసరానికి ఎన్నో రెట్లు లిథియం ఉంటుంది. అసలు సెల్‌లో లిథియం లెక్కగానే ఉంటుంది. సైకిల్‌కు 99.5 శాతం సామర్థ్యం గొప్పగా వినిపిస్తుంది గానీ, వంద సైకిళ్లకు మిగిలేది 61 శాతమే.

2019లో గుడెనఫ్, విటింగమ్, యోషినోలకు నోబెల్ వచ్చిన సాయంత్రం డిపార్ట్‌మెంట్‌లో స్వీట్లు పంచారు. సార్ ఉపన్యాసం అడిగితే ఇవ్వలేదు, అప్పటికే సోడియం వైపు వెళ్లిపోయారు. ఉప్పుకు కొరత లేదు. సోడియం అల్యూమినియంతో మిశ్రలోహం కాదు కాబట్టి రెండు వైపులా అల్యూమినియం రేకే చాలు, రాగి ఖర్చు తప్పుతుంది. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు లాంటి వాటి పక్కన పెట్టే బ్యాటరీకి బరువు ముఖ్యం కాదు, ధర ముఖ్యం అని ఆయన వాదన.

ఇక్కడ మళ్లీ పత్తి కట్టె వచ్చింది, కానీ పని తలకిందులైంది. కెపాసిటర్‌కు గ్రాముకు వెయ్యి, పదిహేను వందల చదరపు మీటర్ల ఉపరితలం కావాలి. సోడియం బ్యాటరీలో సోడియంను పట్టి ఉంచే హార్డ్ కార్బన్‌కు అది విషం: పది చదరపు మీటర్లు దాటకుంటేనే మంచిది, పొరల మధ్య దూరం మాత్రం గ్రాఫైట్‌లో ఉండే 0.335 నానోమీటర్ల కంటే ఎక్కువ, 0.37కు పైన ఉండాలి. అందుకని క్షారం కలపరు. 500లో కాల్చి, ఆమ్లంతో బూడిద కడిగేసి, ఆర్గాన్‌లో 1300 డిగ్రీలకు నెమ్మదిగా తీసుకెళ్లి రెండు గంటలు ఉంచుతారు. అంత వేడికి క్వార్ట్జ్ ట్యూబు తెల్లబడి పాడవుతుంది, అల్యూమినా ట్యూబు కావాలి. అది నిమిషానికి 5 డిగ్రీలకు మించి వేడెక్కినా చల్లారినా పగులుతుంది.

తేలని చిక్కు మొదటి సైకిల్ నష్టం. కార్బన్ మొదటిసారి గ్రాముకు 375 తీసుకుని 300 తిరిగిస్తుందనుకోండి. ఆ 75 ఉపరితలం మీద పొరగా గడ్డకట్టి శాశ్వతంగా పోయింది. సోడియం లోహం ఎదురుగా ఉన్న పరీక్ష సెల్‌లో ఎవరికీ పట్టదు. అసలు సెల్‌లో సోడియం మొత్తం క్యాథోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడు) నుంచే రావాలి. క్యాథోడ్ గ్రాముకు 100 ఇస్తే, ఒక గ్రాము కార్బన్‌కు 3.75 గ్రాముల క్యాథోడ్ పెట్టాలి, అందులో 0.75 గ్రాములు మొదటి రోజే వృథా, ఆ తర్వాత బ్యాటరీ బతికున్నంతకాలం మోయాల్సిన ఒట్టి బరువు. సార్ రిటైరయ్యాక ల్యాబ్‌లో ఇద్దరు అమ్మాయిలు ఈ పని మీదే ఉన్నారు. ఒకరు కార్బన్‌కు ముందే సోడియం పట్టించే పద్ధతి చూస్తున్నారు, ఇంకొకరు కడగడంలో ఆమ్లం బలం మార్చి బూడిద ఎంత తగ్గితే నష్టం ఎంత తగ్గుతుందో గీత గీస్తున్నారు. సార్ వారానికి రెండుసార్లు వస్తారు. గ్రాఫులు ఇంకా చూడరు, తూకం పుస్తకం తెమ్మంటారు.